భాగం – 9: శ్రమ వ్యయం – దేశీయ కార్ల తయారీదారుల పోటీ సామర్థ్యం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 శ్రమ వ్యయం – భావన
9.3 యూనిట్ శ్రమ వ్యయం
9.4 కారు ధరలో శ్రమ వాటా
9.5 తక్కువ వేతనం ఒక్కటే సరిపోతుందా?
9.6 పెనుకొండ కియా కర్మాగారం
9.7 వేతనాలను అణచివేయడం వల్ల వచ్చే నష్టం
9.8 వేతనం నిజంగా భారమయ్యే సందర్భాలు
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:
– వేతన రేటుకూ, యూనిట్ శ్రమ వ్యయానికీ గల తేడాను వివరించడం
– ఒక కారు తయారీ ఖర్చులో శ్రమ వాటాను లెక్కకట్టడం
– వేతనాలు తక్కువగా ఉన్నా కొన్ని సంస్థలు ఎందుకు మూతపడ్డాయో ఉదాహరణలతో చెప్పడం
– వేతనాల పెరుగుదల పోటీ సామర్థ్యాన్ని ఎప్పుడు దెబ్బతీస్తుందో, ఎప్పుడు దెబ్బతీయదో విశ్లేషించడం

9.1 పరిచయం

మన గోదావరి జిల్లాల నుంచి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదువులు పూర్తిచేసిన యువకులు శ్రీపెరుంబుదూరు, శ్రీసిటీ, పెనుకొండ, హోసూరు వంటి చోట్ల వాహన పరిశ్రమలోనూ, దాని అనుబంధ పరిశ్రమల్లోనూ పనికి వెళుతున్నారు. చాలామంది మొదట ట్రైనీలుగానో, కాంట్రాక్టు కార్మికులుగానో చేరుతారు. జీతం పెంచమని అడిగినప్పుడు వారికి తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: "జీతాలు పెంచితే కారు ధర పెరుగుతుంది, అమ్మకాలు తగ్గుతాయి, కంపెనీ వేరే చోటికి తరలిపోతుంది." ఈ మాటలో కొంత నిజం ఉంది. అయితే ఎంత నిజం ఉందో లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఆ లెక్క వేసే పద్ధతిని నేర్చుకోవడమే ఈ భాగం ఉద్దేశం.

ముందుగా ఒక స్పష్టత అవసరం. ఈ భాగంలో 'దేశీయ తయారీదారు' అంటే కార్లను మన దేశంలో తయారుచేసే సంస్థ అని అర్థం. యాజమాన్యం మనవారి చేతిలో ఉన్న టాటా, మహీంద్రాలతో పాటు జపాను, కొరియా మాతృసంస్థలు గల మారుతి సుజుకి, హ్యుందాయ్, కియా కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. యజమాని ఏ దేశస్థుడైనా, కార్మికుడు ఇక్కడివాడే, వేతనం రూపాయల్లోనే.

9.2 శ్రమ వ్యయం – భావన

కార్మికుని చేతికి వచ్చే జీతం శ్రమ వ్యయంలో ఒక భాగం మాత్రమే. యజమాని దృష్టిలో శ్రమ వ్యయం అంటే మూల వేతనం, కరువు భత్యం, ఓవర్‌టైం, బోనస్, భవిష్యనిధికీ ఇ.ఎస్.ఐ.కీ యాజమాన్యం చెల్లించే వాటా, గ్రాట్యుటీ, క్యాంటీను, బస్సు సౌకర్యం, శిక్షణ ఖర్చు – ఇవన్నీ కలిసిన మొత్తం. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన కార్మికుల కోసం చెల్లించే సొమ్మును కంపెనీ లెక్కల్లో వేరొక పద్దు కింద చూపే అవకాశం కూడా ఉంది. అందువల్ల రెండు కంపెనీల 'ఉద్యోగుల ఖర్చు'ను పోల్చేముందు ఆ పద్దులో ఏమేమి చేర్చారో చూడాలి.

9.3 యూనిట్ శ్రమ వ్యయం

డెల్టాలో దాళ్వా కోతల సమయాన్ని గుర్తు చేసుకోండి. రైతు కూలి రేటు ఎంతని అడిగి ఊరుకోడు. ఎకరం కోసి, పనలు కట్టి, నూర్చి ధాన్యం ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో చూస్తాడు. కోత యంత్రానికి గంటకు ఇచ్చే అద్దె మనిషి కూలికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా యంత్రం గంటలో చాలా పని చేస్తుంది కాబట్టి ఎకరా ఖర్చు తగ్గవచ్చు. అదే చేలో నీరు నిలిచి, పైరు పడిపోయి ఉంటే యంత్రం మెల్లగా నడుస్తుంది. గంట అద్దె మారకపోయినా ఎకరా ఖర్చు పెరుగుతుంది. రైతు చూసే ఈ 'ఎకరా ఖర్చు'నే పరిశ్రమల విషయంలో అర్థశాస్త్రం యూనిట్ శ్రమ వ్యయం అంటుంది.

సూత్రం:
యూనిట్ శ్రమ వ్యయం = గంటకు ఒక కార్మికునిపై అయ్యే మొత్తం వ్యయం ÷ గంటకు ఒక కార్మికుని ఉత్పత్తి

కారు విషయంలో దీన్ని మరో విధంగా చెప్పవచ్చు: గంట వ్యయాన్ని ఒక కారు తయారీకి పట్టే మొత్తం శ్రమ గంటలతో గుణించాలి.

ఉదాహరణ 1 (అంకెలు ఊహాత్మకం):
కర్మాగారం 'అ': గంటకు శ్రమ వ్యయం రూ. 200, కారుకు 50 శ్రమ గంటలు, యూనిట్ శ్రమ వ్యయం రూ. 10,000.
కర్మాగారం 'ఆ': గంటకు శ్రమ వ్యయం రూ. 350, కారుకు 24 శ్రమ గంటలు, యూనిట్ శ్రమ వ్యయం రూ. 8,400.

'ఆ'లో వేతనం 75 శాతం ఎక్కువ. అయినా కారు మీద పడే శ్రమ వ్యయం రూ. 1,600 తక్కువ. ఇప్పుడు 'అ' యాజమాన్యానికి రెండు దారులున్నాయి. వేతనాన్ని 10 శాతం తగ్గిస్తే యూనిట్ వ్యయం రూ. 9,000 అవుతుంది, అప్పటికీ 'ఆ'తో పోటీపడలేదు. వేతనం మార్చకుండా, పనిని మెరుగ్గా అమర్చి, 50 గంటల పనిని 40 గంటలకు తెస్తే రూ. 8,000 అవుతుంది, పోటీలో ముందుంటుంది.

పనిని మెరుగ్గా అమర్చడం అంటే కార్మికుణ్ణి మరింత వేగంగా పరుగెత్తించడం కాదు. విడిభాగం సమయానికి చేతికి అందడం, యంత్రం ఆగిపోకుండా ఉండడం, ఒకసారి బిగించినది మళ్ళీ విప్పే అవసరం రాకపోవడం – వీటివల్లనే గంటలు ఎక్కువగా ఆదా అవుతాయి. దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారం నాణ్యత లోపాలతో, గైర్హాజరుతో సతమతమై 1982లో మూతపడింది. 1984లో టొయోటాతో కలిసి 'నుమ్మి' పేరుతో దాన్ని మళ్ళీ తెరిచారు. కార్మికుల్లో అత్యధికులు పాతవారే, యూనియన్ కూడా పాతదే. మారినది పని పద్ధతి. లోపం కనిపిస్తే లైను ఆపే అధికారాన్ని కార్మికునికే ఇచ్చారు. కొద్దికాలంలోనే అక్కడి ఉత్పాదకత, నాణ్యత టొయోటా జపాను కర్మాగారాల స్థాయికి దగ్గరగా వచ్చాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1) గంటకు శ్రమ వ్యయం రూ. 240, కారుకు 30 శ్రమ గంటలు అయితే యూనిట్ శ్రమ వ్యయం ఎంత?
2) వేతనం 20 శాతం పెరిగి, శ్రమ గంటలు 30 నుంచి 25కు తగ్గితే అది ఎంతవుతుంది?
(జవాబులు: 1. రూ. 7,200. 2. రూ. 7,200, అంటే మార్పు లేదు.)

9.4 కారు ధరలో శ్రమ వాటా

పోటీ సామర్థ్యంపై వేతనాల ప్రభావం ఎంతో తెలియాలంటే మొత్తం ఖర్చులో శ్రమ వాటా తెలియాలి. దేశంలో అతిపెద్ద కార్ల తయారీ సంస్థ మారుతి సుజుకి వార్షిక లెక్కలను పరిశీలిస్తే, గత దశాబ్దకాలంలో ఉద్యోగులపై ఖర్చు నికర అమ్మకాల్లో సుమారు 3 నుంచి 5 శాతం మధ్య ఉంది. విడిభాగాలు, ముడి సరుకుల ఖర్చు మాత్రం 70 శాతానికి పైగా ఉంటుంది.

ఉదాహరణ 2 (ఊహాత్మకం): కర్మాగారం నుంచి రూ. 8 లక్షలకు బయటికి వచ్చే కారును తీసుకుందాం. ఇందులో 4 శాతం ఉద్యోగుల ఖర్చు అనుకుంటే అది రూ. 32,000. వేతనాలన్నీ 10 శాతం పెంచితే, ఉత్పాదకత ఏమాత్రం పెరగకపోయినా, కారు ఖర్చు రూ. 3,200 పెరుగుతుంది, ధరలో ఇది 0.4 శాతం. అదే కారులో విడిభాగాలు, ముడి సరుకుల వాటా 75 శాతం, అంటే రూ. 6 లక్షలు. ఉక్కు, అల్యూమినియం, ఎలక్ట్రానిక్ భాగాల ధరలు కలిసి సగటున 2 శాతం పెరిగినా కారు ఖర్చు రూ. 12,000 పెరుగుతుంది. జపాను నుంచి దిగుమతులున్న సంస్థకు యెన్ మారకపు రేటులో వచ్చే మార్పు కూడా ఇలాగే పనిచేస్తుంది.

ఇక్కడితో ఆగి, శ్రమ వ్యయానికి ప్రాధాన్యమే లేదని అనుకుంటే పొరపాటవుతుంది. ఆ రూ. 6 లక్షల విడిభాగాలు కూడా ఎక్కడో కార్మికులు చేసినవే. సీటు కుట్టినవారు, వైరింగు అల్లినవారు, అచ్చుపోసినవారు వేరే కంపెనీల హాజరు పట్టీల్లో ఉన్నారు. ఆ శ్రమ మరో రూ. 80,000 ఉందనుకుందాం. అక్కడ కూడా వేతనాలు 10 శాతం పెరిగి, ఆ భారం మొత్తం కార్ల కంపెనీకి బదిలీ అయితే అదనంగా రూ. 8,000 పడుతుంది. రెండూ కలిపి రూ. 11,200, ధరలో 1.4 శాతం. కాబట్టి శ్రమ వ్యయాన్ని ఒక్క కర్మాగారంలో కాక, సరఫరా గొలుసు మొత్తంలో లెక్కించాలి. చిన్న విడిభాగాల యూనిట్లలో యంత్రీకరణ తక్కువ, లాభాల వాటా సన్నం. అందుకే వేతనాల ఒత్తిడి అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది.

9.5 తక్కువ వేతనం ఒక్కటే సరిపోతుందా?

మన దేశ కార్మికుని వేతనం జర్మనీ, జపాను, అమెరికా కార్మికుల వేతనంలో చాలా చిన్న భాగం. వేతనమే పోటీ సామర్థ్యాన్ని నిర్ణయిస్తే ఇక్కడ పెట్టిన ఏ కర్మాగారమూ నష్టపోకూడదు. వాస్తవం వేరుగా ఉంది.

(అ) అంబాసిడర్: ఒకప్పుడు ప్రతి కలెక్టరు కార్యాలయం ముందూ కనిపించిన అంబాసిడర్ కారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో తయారయ్యేది. 2013–14లో అమ్ముడైన అంబాసిడర్లు 2,200 వరకు మాత్రమే. కర్మాగారంలో అప్పటికి రెండు వేలకు పైగా కార్మికులున్నారు. అంటే ఏడాది మొత్తానికి మనిషికి సుమారు ఒక కారు. అదే సంవత్సరంలో మారుతి సుజుకి 11.5 లక్షలకు పైగా వాహనాలు అమ్మింది. 2014 మే నెలలో ఉత్తరపారాలో ఉత్పత్తి నిలిచిపోయింది. అక్కడ పాతబడినవి డిజైను, యంత్రాలు. కొనేవారు తగ్గిపోయారు. వేతనాలను ఎంత తగ్గించినా ఆ కారు నిలబడేది కాదు.

(ఆ) ఫోర్డ్: చెన్నై సమీపంలోని మరైమలై నగర్‌లోనూ, గుజరాత్‌లోని సనంద్‌లోనూ ఆధునిక కర్మాగారాలున్న ఫోర్డ్ సంస్థ, మన దేశంలో అమ్మకానికి కార్ల తయారీని ఆపివేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. పదేళ్ళలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినట్లు తెలిపింది. ఇక్కడ యంత్రాలు పాతవి కావు, కార్మికుల నైపుణ్యానికీ లోటు లేదు. లోటు అమ్మకాల్లో ఉంది. స్థాపిత సామర్థ్యంలో పెద్ద భాగం ఖాళీగా ఉండిపోయింది.

ఖాళీ సామర్థ్యం ఎంత ఖరీదైనదో చూడండి. ఒక కర్మాగారం సంవత్సర స్థిర వ్యయం రూ. 600 కోట్లు అనుకుందాం. 2 లక్షల కార్లు తయారైతే కారుకు రూ. 30,000 పడుతుంది. 50,000 కార్లే తయారైతే కారుకు రూ. 1,20,000 పడుతుంది. తేడా రూ. 90,000. ఉదాహరణ 2లోని కారుపై పడిన ఉద్యోగుల ఖర్చు మొత్తం రూ. 32,000 మాత్రమేనని గుర్తు చేసుకోండి. జీతాలు అసలే ఇవ్వకపోయినా ఈ లోటు పూడదు. కోత యంత్రం కొన్నవాడు సీజనులో తగినన్ని ఎకరాలు కోయకపోతే వాయిదాలు కట్టలేడు. డ్రైవరు జీతం కోసినంత మాత్రాన గట్టెక్కడు. ఇదీ అలాంటిదే.

సనంద్ కథలో తరువాతి ఘట్టం కూడా గమనించదగినది. 2023 జనవరిలో ఆ కర్మాగారాన్ని టాటా సంస్థ స్వాధీనం చేసుకుంది. తమతో చేరడానికి అంగీకరించిన అర్హులైన ఫోర్డ్ ఉద్యోగులను తీసుకుంది. షెడ్లు అవే, చేతులు అవే. అమ్ముడుపోయే కార్లు ఉన్న సంస్థకు ఆ చేతులు భారం కాలేదు.

9.6 పెనుకొండ కియా కర్మాగారం

మన రాష్ట్రంలోని ఉదాహరణకు వద్దాం. నేటి శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ వద్ద కర్మాగారం నిర్మించడానికి కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, సామర్థ్యం సంవత్సరానికి 3 లక్షల కార్లు. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. 2023 జులై నాటికి ఇక్కడ తయారైన కార్ల సంఖ్య పది లక్షలకు చేరింది.

కియా పెనుకొండను ఎంచుకోవడానికి చవక శ్రమే కారణమా? శ్రమ చవకగా దొరకడం ఒక కారణమే. కానీ రాయలసీమకూ డెల్టాకూ మధ్య కార్మికుని వేతనంలో ఉండే తేడా ఇంత పెద్ద పెట్టుబడిని ఒకచోటి నుంచి మరోచోటికి తిప్పేంతది కాదు. అక్కడ ఒకేచోట వందలాది ఎకరాల భూమి దొరికింది. రెండు పంటలు పండే డెల్టా భూముల్లో అది సులభం కాదు. జాతీయ రహదారి 44 పక్కనే ఉంది, బెంగళూరు దగ్గర. మాతృసంస్థ హ్యుందాయ్‌కి 1990ల చివరి నుంచి చెన్నై ప్రాంతంలో ఏర్పడిన విడిభాగాల సరఫరాదారుల అనుభవం ఉంది. కొరియా సరఫరాదారులు పెనుకొండ పరిసరాల్లో కూడా యూనిట్లు పెట్టారు. ప్రభుత్వం భూమి, నీరు, పన్నుల రూపంలో రాయితీలిచ్చింది.

వెల్డింగు, పెయింటింగు విభాగాల్లో అధిక భాగం పని రోబోలదే. శ్రమ చవకగా ఉన్న చోట రోబోలెందుకు? ప్రతి వెల్డు ఒకే తీరుగా ఉండాలి కనుక. ఎగుమతి మార్కెట్లో కొనేవాడు తయారుచేసినవాని జీతం ఎంతో అడగడు. తలుపు సరిగా పడుతుందా అని చూస్తాడు. 2024–25లో మన దేశం నుంచి సుమారు 7.7 లక్షల ప్రయాణికుల వాహనాలు ఎగుమతి అయ్యాయి. దేశంలోని అమ్మకాలకు దిగుమతి సుంకాల రక్షణ ఉంది. విదేశీ మార్కెట్లలో ఆ రక్షణ ఉండదు. పోటీ సామర్థ్యానికి అసలు పరీక్ష అక్కడే.

9.7 వేతనాలను అణచివేయడం వల్ల వచ్చే నష్టం

సంఘటిత తయారీ రంగ కార్మికుల్లో కాంట్రాక్టు కార్మికుల వాటా ఇటీవలి సంవత్సరాల్లో 40 శాతం దాటిందని వార్షిక పరిశ్రమల సర్వే చెబుతోంది. ఒకే లైను మీద, ఒకే పని చేస్తూ, పర్మనెంటు కార్మికునికి ఒక జీతం, పక్కవానికి అందులో కొంత భాగం – ఈ ఏర్పాటు శ్రమ వ్యయాన్ని కాగితం మీద తగ్గిస్తుంది. దాని మరో ముఖం హర్యానాలోని మానేసర్‌లో కనిపించింది. అక్కడి మారుతి సుజుకి కర్మాగారంలో 2011లో యూనియన్ గుర్తింపు, కాంట్రాక్టు కార్మికుల స్థితి వంటి అంశాలపై పలుమార్లు పని ఆగింది. 2012 జులై 18న జరిగిన హింసలో సంస్థ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత కర్మాగారం సుమారు నెలరోజులు మూతపడింది. ఆ హింసను ఏ వేతన వ్యత్యాసమూ సమర్థించదు. అయితే ఖర్చు లెక్కించే విద్యార్థి ఒక విషయం గమనించాలి: ఆగిపోయిన ప్రతి రోజూ స్థిర వ్యయం నడుస్తూనే ఉంటుంది. తరువాతి కాలంలో సంస్థ ఉత్పత్తి పనులకు కాంట్రాక్టర్ల ద్వారా కాక తాత్కాలిక కార్మికులను నేరుగా తీసుకునే పద్ధతికి మళ్ళింది.

దీనికి పాత పాఠం కూడా ఉంది. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన కార్మికుల రోజు వేతనాన్ని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లుగా ప్రకటించాడు. అది దానం కాదు. అసెంబ్లీ లైను పనికి విసిగి కార్మికులు నెలల్లోనే మానేస్తుండేవారు. కొత్తవారిని చేర్చి, నేర్పే ఖర్చు తడిసి మోపెడయ్యేది. వేతనం పెరగడంతో మానేసేవారు బాగా తగ్గిపోయారు. ఇలా ఉత్పాదకతను పెంచే వేతనాన్ని 'సమర్థతా వేతనం' అంటారు. అలవాటుపడిన ట్రైనీని ఏడాది కాగానే పంపివేసి మరొకరిని తెచ్చుకునే సంస్థ, ఈ ఖర్చును తన పుస్తకాల్లో విడిగా రాసుకోకపోవచ్చు. కానీ చెల్లిస్తూనే ఉంటుంది.

9.8 వేతనం నిజంగా భారమయ్యే సందర్భాలు

వేతనం ఎంత పెరిగినా ఫరవాలేదనడం కూడా శాస్త్రీయం కాదు. ఈ కింది సందర్భాల్లో అది నిజంగా భారమవుతుంది:

1) ఉత్పాదకతకంటే వేతనం చాలాకాలం వేగంగా పెరిగినప్పుడు.
2) ఉత్పత్తి పరిమాణం చిన్నదైనప్పుడు. ఆస్ట్రేలియాలో సుంకాలు తగ్గాయి, డాలరు విలువ పెరిగింది, చిన్న మార్కెట్టును అనేక బ్రాండ్లు పంచుకున్నాయి. అధిక వేతనాలు దానికి తోడయ్యాయి. 2016లో ఫోర్డ్, 2017లో టొయోటా, హోల్డెన్ అక్కడ కార్ల తయారీని ముగించాయి.
3) అమ్మకాలు పడిపోయినప్పుడు. అధిక వేతనాలతో దశాబ్దాలపాటు ప్రపంచానికి కార్లమ్మిన జర్మనీలోనే, 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించేందుకు ఫోక్స్‌వ్యాగన్, యూనియన్ 2024 డిసెంబరులో ఒప్పందానికి వచ్చాయి. నిన్న భరించగలిగిన వేతనమే, కార్లు తగ్గినప్పుడు బరువైంది.
4) చిన్న విడిభాగాల యూనిట్లలో. పెద్ద కంపెనీ కొనుగోలు ధర పెంచకుండా ఉంటే, వేతన పెరుగుదల అంతా ఆ యూనిట్ యజమాని లాభంలోంచే పోతుంది.

విద్యుత్ కార్ల రాకతో లెక్క మరోసారి మారుతోంది. ఇంజిను, గేరుబాక్సుల్లోని భాగాలు తగ్గుతాయి. ఖర్చులో బ్యాటరీ వాటా పెరుగుతుంది. చైనాలో వేతనాలు ఇరవై ఏళ్ళలో ఎన్నో రెట్లు పెరిగినా అక్కడి విద్యుత్ కార్లు చవకగా ఉండడానికి బ్యాటరీ సరఫరా గొలుసు, భారీ పరిమాణం, ప్రభుత్వ మద్దతు ప్రధాన కారణాలు. మన తయారీదారులు వేతనం తక్కువన్న ఒక్క బలాన్ని నమ్ముకుని ఈ పోటీలో నెగ్గలేరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1) సామర్థ్య వినియోగం తగ్గితే కారుకు పడే స్థిర వ్యయం ఏమవుతుంది?
2) సమర్థతా వేతనం అంటే ఏమిటి?
(జవాబులు: 1. పెరుగుతుంది. 2. ఉత్పాదకతను పెంచి, వలసలను తగ్గించడానికి మార్కెట్ రేటుకంటే ఎక్కువగా చెల్లించే వేతనం.)

9.9 సారాంశం

పోటీ సామర్థ్యాన్ని వేతన రేటుతో కాక యూనిట్ శ్రమ వ్యయంతో కొలవాలి. కార్ల కంపెనీ సొంత ఖర్చులో ఉద్యోగుల వాటా చిన్నది. సరఫరా గొలుసు మొత్తాన్ని కలిపితే అది గణనీయమైనది. తక్కువ వేతనం మన తయారీదారులకు ఒక ఆరంభ అనుకూలత. అమ్ముడుపోయే కారు, నిండుగా నడిచే కర్మాగారం, సమీపంలో సరఫరాదారులు, నైపుణ్యం, నాణ్యత లేనప్పుడు ఆ అనుకూలత నిలవదని అంబాసిడర్, ఫోర్డ్ అనుభవాలు చూపుతాయి. "జీతం పెంచితే కంపెనీ పోతుంది" అన్న మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: ఖర్చులో శ్రమ వాటా ఎంత? ఉత్పాదకత ఎంత పెరిగింది? కర్మాగారం సామర్థ్యంలో ఎంత భాగం నడుస్తోంది? ఈ మూడింటికీ జవాబు తెలియకుండా ఆ మాటను ఒప్పుకోవడమూ, కొట్టివేయడమూ రెండూ తొందరపాటే.

9.10 ముఖ్య పదాలు

పోటీ సామర్థ్యం: ప్రత్యర్థులతో సమానమైన లేదా మెరుగైన నాణ్యత గల సరుకును, లాభం నిలుపుకుంటూ, వారితో పోటీపడే ధరకు అమ్మగల శక్తి.
యూనిట్ శ్రమ వ్యయం: ఒక యూనిట్ ఉత్పత్తిపై పడే మొత్తం శ్రమ ఖర్చు.
సామర్థ్య వినియోగం: స్థాపిత సామర్థ్యంలో వాస్తవంగా ఉత్పత్తి అయిన భాగం, శాతంలో.
స్థిర వ్యయం: ఉత్పత్తి పరిమాణంతో నిమిత్తం లేకుండా భరించవలసిన ఖర్చు.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1) శ్రమ వ్యయం దేశీయ కార్ల తయారీదారుల పోటీ సామర్థ్యాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో ఉదాహరణలతో చర్చించండి.
2) వేతనాలు తక్కువగా ఉన్నా పరిశ్రమలు ఎందుకు నష్టపోతాయి? అంబాసిడర్, ఫోర్డ్ అనుభవాల ఆధారంగా వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1) సరఫరా గొలుసులో శ్రమ వాటా
2) కాంట్రాక్టు శ్రమ – ప్రత్యక్ష, పరోక్ష వ్యయాలు

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊరిలో సార్వా లేదా దాళ్వా కోతలప్పుడు ఇద్దరు రైతులను కలవండి: ఒకరు కూలీలతో, మరొకరు యంత్రంతో కోయించినవారై ఉండాలి. ఎకరా ఖర్చు, పట్టిన సమయం, రాలిపోయిన గింజ, గడ్డి విలువ వివరాలు సేకరించి, ఏది చవకో యూనిట్ వ్యయ పద్ధతిలో ఒక పేజీ నివేదిక రాయండి. పని తగ్గిన కూలీలు ఆ రోజుల్లో ఏ పనికి వెళ్ళారో కూడా అడిగి రాయండి.